రొట్టెల వ్యాను

మెల్‌బోర్న్ దాటి నలభై నిమిషాలు.
చివరి పెట్రోల్ బంకు, తర్వాత గుర్రాల దొడ్డి,
తర్వాత బాణం గుర్తేసిన చెక్క బోర్డు.
దాని మీద ఎవరో తుపాకీ గురి నేర్చుకున్నారు.

ఇరవై రెండెకరాల అడవి. అంతే.
చుట్టూ నిలువెత్తు కంచె,
నక్క ఎక్కితే వంగిపోయి వెనక్కి విసిరేసే పైఅంచు.
కంచెకి అటు హైవేకి నిద్ర లేదు.
ఇటు పగలంతా నిద్రే.

టికెట్ కిటికీలో బెరిల్.
ముప్పై ఏళ్లు ట్రాము నడిపిన చేతులు,
నా చిల్లర వైపు చూడకుండానే లెక్కపెట్టేశాయి.
పేరు రాసుకోబోయి ఆగింది.
"నువ్వు ఆ రొట్టెల వ్యాను మనిషివి కదూ?"

అవును.
పోయిన జూలై చలిలో, వేకువన మూడింటికి,
హెడ్‌లైట్ల వెలుగులో బస్తా అనుకున్నాను.
దిగి చూస్తే తల్లి వాంబాట్.
పోయి ఎంతసేపైందో, బొచ్చు మీద మంచు పేరుకుంది.
పొట్ట మాత్రం కదులుతోంది.

ఆ సంచి మూతి వెనకవైపు ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు.
తల్లి బొరియ తవ్వుతుంటే
బిడ్డ కళ్లలో మట్టి పడకుండా అట,
అది తర్వాత బెరిల్ చెప్పింది.
ఆ రాత్రి చెప్పేవాళ్లెవరూ లేరు.
మణికట్టు దాకా చెయ్యి పెట్టాను, అంతే.

ఇంకా సరిగ్గా బొచ్చు రాని దాన్ని
మా చెల్లెలు ఇలోనా అల్లిన స్వెట్టర్లో చుట్టి
వేడి రొట్టెల ట్రేల మధ్య పెట్టాను.
ఏడు కాఫీ షాపులకి రొట్టెలు ఆలస్యం.
రెండు షాపులు మళ్లీ పిలవలేదు.
ఒక ట్రే మీద ఉచ్చ పోసింది,
ఆ ట్రేని మాత్రం ఎవరికీ అమ్మలేదు, ఒట్టు.

ఇప్పుడది పదిహేడు కిలోలు.
"పేరు పెట్టలేదు," అంది బెరిల్.
"పేరు పెడితే పిలుస్తాం. పిలిస్తే వస్తుంది.
మనుషులు పిలిస్తే రావడం దానికి మంచిది కాదు.
నలభై ఒకటో నంబరు."

ఫుట్‌స్క్రే నుంచి తాతతో వచ్చిన త్వియెత్ అనే పిల్ల
"దాని పెంటిక నిజంగా నలుచదరమా?" అనడిగింది.
బెరిల్ కోటు జేబులోంచి ఒకటి తీసింది,
ఎండిన పాచికలాంటిది.
"రాయి మీద పెడితే దొర్లదు.
ఇక్కడున్నానని అది రాసుకునే చిరునామా."
తాత కళ్లజోడు సర్దుకుని మరీ చూశాడు.

పొద్దు వాలింది.
బొరియలోంచి ముందు ముక్కు,
చాలాసేపటికి మిగతాది.
నేను దడికి ఇవతల మోకాళ్ల మీద కూర్చున్నాను.
ఎంత రుద్దినా నా ఒంటి నుంచి ఈస్టు వాసన పోదు,
అది గాని దాని ముక్కుకి తగిలితే...
వద్దులెండి, నవ్వుతారు.

ముక్కు ఎగరేసింది. ఒకడుగు వేసింది.
తర్వాత తిరిగి పిరుదులు నాకు పెట్టి
గడ్డి పీకడం మొదలెట్టింది,
పర, పర, పర,
ఎవరికీ ఏమీ బాకీ లేనట్టు.

త్వియెత్ పకపకా నవ్వింది. నేనూ.

వెళ్తూ వెళ్తూ స్వెట్టర్ సంగతి అడిగాను.
ఇలోనా గుర్తు చేసిందని అబద్ధం కూడా ఆడాను.
బెరిల్ వెనక గదిలోకి తీసుకెళ్లింది.
హీటరు పక్కన కొక్కేనికి వేలాడుతోంది,
చేతులు ముడేసి, అడుగు కుట్టేసి, సంచిలా.
మోచేతి దగ్గర కొరికిన చిల్లు.
అందుకోబోయాను.
స్వెట్టరు ఊపిరి తీసింది.

"నిన్న రాత్రి వచ్చింది," బెరిల్ గొంతు తగ్గించింది,
"ఫ్రీవే వంతెన కింద. ఇంకా నంబరు వెయ్యలేదు."

బయట చీకటి. దూరాన నగరం
ఆకాశం అంచుని నారింజ రంగులో మాడుస్తోంది.
వ్యాను స్టార్ట్ చేశాను.
ఇంటి దాకా నలభై దాటలేదు.
వెనకాల ఎవడో
హారన్ కొడుతూనే ఉన్నాడు.